ఎడారి చుక్కలు, దివిసీమ హైమాస్టు

2023 ఎండాకాలంలో మా నాయనమ్మకి రెండో కంటికి కూడా శుక్లం ఆపరేషన్ అయింది. మొదటి నెల అంతా సంబరమే. టీవీలో కింద పాకే అక్షరాలు చదివేసింది. ఎదురింటి వాళ్ళు గోడకి వేసిన రంగు బాలేదని ఇంటికెళ్ళి మరీ చెప్పొచ్చింది. ఆ తర్వాత ఒక రాత్రి ఫోను.

"ఒరేయ్ నాన్నా, ఆపరేషను సరిగ్గా చెయ్యలేదురా. చుక్కలు లేవు."

"అయిపోతే మెడికల్ షాపులో తెప్పించుకో, చీటీ ఉందిగా నీ దగ్గర" అన్నాను, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

"మందు చుక్కలు కాదురా సచ్చినోడా, ఆకాశంలో చుక్కలు!"

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఎవరైనా "పనిచెయ్యట్లేదు" అంటే ముందు వాడిన మనిషిని అనుమానించడం మాకు అలవాటు. మబ్బు పట్టిందేమో, అద్దాలు పెట్టుకోలేదేమో, ఎనభయ్యేళ్ళ మనిషి కదా అనుకుని ఊరుకున్నాను. ఆవిడ కంప్లైంటు సరైనదేనని, తప్పు పట్టిన చోటే వేరని తెలియడానికి ఆర్నెల్లు పట్టింది. ఒక తుఫాను కూడా కావలసి వచ్చింది.

మాది అవనిగడ్డకి అవతల, కోడూరు వైపు ఒక పల్లెటూరు. దివిసీమ అంటే తెలియని వాళ్ళకి: కృష్ణమ్మ సముద్రంలో కలిసే ముందు రెండు పాయలుగా చీలుతుంది, ఆ మధ్యలో ఉండే నేల. చిన్నప్పుడు వేసవి సెలవలకి వెళ్తే డాబా మీదే పడక. నడుం వాల్చగానే నాయనమ్మ ఆకాశం తెరిచేది. పిల్లలకోడి, ముసలమ్మ మంచం, ఆ మంచం కోళ్ళు ఎత్తుకుపోదామని వచ్చిన ముగ్గురు దొంగలు, వేగుచుక్క, పాలపుంత. ఇంజినీరింగ్‌లో చేరాక అవే కృత్తికలనీ సప్తర్షులనీ తెలిసి, అయ్యో ఈవిడ దగ్గర సగం సిలబస్ ముందే అయిపోయిందే అనుకున్నాను.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మర్నాడు రాత్రి బస్సెక్కి ఊరికెళ్ళాను. పెదనాన్న చేలో కోసి పనల మీద ఉన్న వరి నీళ్ళలో నానుతోంది. కుప్ప వెయ్యడానికి ఇంకో నాలుగు రోజులు ఎండ దొరికితే చాలని ఎదురుచూస్తున్న పంట అది. స్తంభాలు ఒరిగిపోయి ఊళ్ళో కరెంటు లేదు. 7వ తారీకు సాయంత్రానికి మబ్బు విడిపోయింది. రాత్రి తొమ్మిదింటికి డాబా మీదకెక్కితే... ఏం చెప్పను. తుఫాను గాలినంతా కడిగేసి పోయింది. నడినెత్తికి కొంచెం తూర్పుగా పిల్లలకోడి, దాని పక్కన వెలిగిపోతూ గురుడు, తూర్పున మూడు చుక్కల బెల్టుతో మృగవ్యాధుడు, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పల్చగా పాలపుంత. నాయనమ్మని చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లెక్కించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కోడికి ఆరు పిల్లలు. అప్పుడూ ఆరే" అంది. మంచం ఏదే అనడిగితే "అది ఇప్పుడెక్కడ లేస్తుంది, అర్ధరాత్రి దాటాలి" అంది. కరెక్టే.

కింద అరుగు మీద పెదనాన్న తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆకాశం బాగుందని ఆయనతో అనడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ పట్టుబట్టి కంటి డాక్టరు గారికి నాచేత ఫోన్ చేయించింది, ఆయన్ని అనవసరంగా తిట్టుకుందట, చెప్పెయ్యాలట. "మా నాయనమ్మకి చుక్కలు కనపడ్డాయండీ" అన్నాను. "మంచిది, రోజుకి నాలుగుసార్లు వెయ్యండి" అని పెట్టేశారాయన.

అసలు జరిగిందేమిటంటే, ఆవిడ కళ్ళు మసకబారిన ఆ నాలుగైదేళ్ళలోనే ఊరు మారింది. వీధిదీపాలన్నీ తెల్లటి ఎల్‌ఈడీలయ్యాయి. సెంటర్లో హైమాస్టు వచ్చింది. కాలవ అవతల రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్ల పక్కన వరసగా లైట్లు. శుక్లం తీసేసరికి ఈ వెలుతురంతా సరాసరి కొత్త కటకంలోకి కొట్టింది. ఆకాశం మాత్రం చెరిపేసిన పలకలా ఉంది. పాపం, డాక్టరునే కదా అనుమానించాలి!

ఇది బుర్రలో పెట్టుకునే 2024 సెప్టెంబర్ నెలాఖరులో ఆఫీసు స్నేహితులతో లడఖ్‌లోని హాన్లే వెళ్ళాను. మిగతావాళ్ళు బైకుల కోసం వచ్చారు. నేనైతే ఎడారిలో ఆకాశం ఎందుకు బాగుంటుందో, అందులో మనం తెచ్చుకోగలిగింది ఏమైనా ఉందా అని చూడ్డానికి వెళ్ళాను.

హాన్లే చలి ఎడారి. అక్కడి దిగ్పా-రత్సా రి అనే కొండ మీద, సుమారు 4,500 మీటర్ల ఎత్తున, బెంగళూరులోని భారతీయ ఖగోళభౌతిక సంస్థ వాళ్ళ అబ్జర్వేటరీ ఉంది. రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు 2000లో మొదటిసారి ఆకాశాన్ని చూసింది. దాన్ని నడిపేది అక్కణ్ణుంచి కాదు, బెంగళూరు దగ్గర హోస్కోటేలో కూర్చుని ఉపగ్రహం లింకు మీద. (వర్క్ ఫ్రం హోమ్ అనేది మేమే కనిపెట్టామనుకునే వాళ్ళు గమనించగలరు.) పక్కనే 2024 అక్టోబర్‌లో ప్రారంభమైన 21 మీటర్ల మేస్ గామా కిరణాల టెలిస్కోపు ఉంది, దాన్ని తయారు చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్.

ఇంతకీ ఎడారిలో ఏముంది? చాలామంది "ఏమీ లేదు, అందుకే బాగుంటుంది" అంటారు. సగం నిజం. మొదట మబ్బులు. హిమాలయం దాటి రుతుపవనం లోపలికి రాదు కాబట్టి ఏడాదిలో 250 రాత్రుల పైచిలుకు అక్కడ పని జరుగుతుంది. మనకి జూన్ నుంచి నవంబర్ దాకా ఆకాశం మీద ఆశ పెట్టుకోవడం దండగ. రెండోది తేమ. గాలిలో నీటి ఆవిరి ఉంటే అది వచ్చే వెలుతుర్ని కొంత మింగుతుంది. గాలిలోని దుమ్ము, పొగ రేణువులకి తేమ పట్టి అవి ఉబ్బితే మసక ఇంకా పెరుగుతుంది. మన దగ్గర ఫిబ్రవరి రాత్రి పదకొండింటికి బైనాక్యులర్స్ బయటపెడితే పది నిమిషాల్లో అద్దాల మీద మంచు చెమ్మ. హాన్లేలో రాత్రంతా పెట్టినా పొడి. కాకపోతే ముక్కులోంచి రక్తం కారేంత పొడి, అది వేరే సంగతి. మూడోది ఎత్తు. ఆ కొండ మీద నిలబడితే వాతావరణంలో నలభై శాతం దాకా మన కాళ్ళ కింద ఉండిపోయినట్టు. చుక్కకీ కంటికీ మధ్య అడ్డం తగ్గుతుంది. పది అడుగులు వేస్తే ఆయాసం కూడా అందుకే.

ఈ మూడూ కలిస్తే ఎలా ఉంటుందంటే, పాలపుంత చూడగానే మబ్బు పట్టిందనుకుని మా స్నేహితుడు తిట్టుకున్నాడు. వెతుక్కోవలసిన పని లేదు. అసలు తెలిసిన చుక్కల్ని గుర్తుపట్టడమే కష్టమైంది, మధ్యలో ఇన్ని తెలియని వాళ్ళు చేరితే ఎలా పోల్చుకోవడం!

అయితే ఈ మూడూ దేవుడిచ్చినవి. నాలుగోదే నన్ను ఆపింది. మేం దిగిన ఇంటావిడ రాత్రి భోజనం పెట్టగానే చేసిన మొదటి పని, కిటికీకి మందపాటి పరదా లాగడం. చలికేమో అనుకున్నాను. కాదు, లోపలి లైటు బయటికి పోకూడదట. మా డ్రైవరు హెడ్‌లైట్లు హై బీమ్‌లో వేస్తే ఎవరో వచ్చి మర్యాదగానే దించమన్నారు. 2022లో ఆ అబ్జర్వేటరీ చుట్టూ 22 కిలోమీటర్ల వ్యాసార్థంలో, 1,073 చదరపు కిలోమీటర్ల మేర డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. అంటే చీకటిని కాపాడే ప్రాంతం. ఖాళీ నేల కాదది. లోపల ఊళ్ళున్నాయి, గొర్రెల మందలున్నాయి, సైనికులున్నారు. దీపాలకి టోపీలు, కిటికీలకి పరదాలు. ఊరివాళ్ళలో కొందరికి శిక్షణ ఇచ్చి, చేతికి టెలిస్కోపులిచ్చి, వచ్చినవాళ్ళకి ఆకాశం చూపించే పని అప్పజెప్పారు. మాకు శనిగ్రహం చూపించిన అమ్మాయి పగలు బార్లీ చేలో పనిచేస్తుంది. మాకు రాత్రికి తీసుకున్న రుసుము వాళ్ళింట్లోకే పోతుంది. చీకటి వల్ల నాలుగు డబ్బులొస్తున్నాయి కాబట్టే చీకటి ఉంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మా భాషలో చెప్పాలంటే, చుక్క నుంచి వచ్చేది సిగ్నల్, ఆకాశం మీద పరుచుకున్న వీధిదీపాల కాంతి నాయిస్. కొండెక్కినా ఎడారికి పోయినా సిగ్నల్ పెరిగేది కాస్తే. నాయిస్ తగ్గించడం మాత్రం స్విచ్చు దగ్గరుండే పని. 2024 జనవరిలో మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి దేశంలో మొదటి డార్క్ స్కై పార్కుగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అక్కడ ఎడారీ లేదు, నాలుగున్నర వేల మీటర్ల కొండా లేదు. వానాకాలంలో నిండా తడిసే టేకు అడవి. చుట్టుపక్కల ఊళ్ళలో లైట్లు మార్చుకున్నారు, అంతే.

అన్నట్టు, ఎడారే కావాలనుకుంటే మన దేశంలో థార్ ఉండనే ఉంది. అయినా పెద్ద టెలిస్కోపు లడఖ్‌కి పోయింది. థార్‌లో దుమ్ము, వేడికి అల్లల్లాడే గాలి. అదే రాజస్థాన్‌లో సూర్యుణ్ణి చూసే అబ్జర్వేటరీని ఉదయపూర్‌లో ఎక్కడ కట్టారో తెలుసా? ఫతేసాగర్ చెరువు మధ్య లంకలో. చుట్టూ నీళ్ళుంటే పగటిపూట గాలి కుదురుగా ఉంటుందని. కాబట్టి "మాది నీళ్ళ దేశం, మాకు యోగం లేదు" అని ముందే చేతులెత్తేయక్కర్లేదు.

అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. హాన్లే నుంచి వచ్చాక మ్యాపు ముందేసుకుంటే తట్టింది. హాన్లే రేఖాంశం 79 డిగ్రీలు, హంసలదీవిది 81. అంటే హాన్లే మన నెత్తిమీద దాదాపు నిట్టనిలువుగా ఉత్తరాన ఉంది. అదే చుక్క ఇంచుమించు అదే టైముకి రెండు చోట్లా నడిమికొస్తుంది. తేడా అంతా అక్షాంశంలోనే. హాన్లే 33కి దగ్గర, మనం 16. ఈ పదిహేడు డిగ్రీల వల్ల దక్షిణాకాశంలో ఒక పెద్ద ముక్క హాన్లే వాళ్ళకి ఎప్పటికీ ఉదయించదు. మనకి ఉదయిస్తుంది.

అగస్త్య నక్షత్రం హాన్లేలో దిగంతానికి నాలుగైదు డిగ్రీలే లేస్తుంది, కొండలు అడ్డొస్తే అదీ లేదు. మనకి ఇరవై డిగ్రీల పైన దర్జాగా ఉంటుంది. త్రిశంకుడు, అదే ఇంగ్లీషువాళ్ళు సదరన్ క్రాస్ అనేది, అక్కడ అసలు లేవదు. ఒక్క పై చుక్క దిగంతాన్ని రాసుకుంటుందేమో. మనకి అడుగు చుక్కతో సహా మొత్తం కనిపిస్తుంది, చెయ్యి చాపి పిడికిలి పెడితే ఆ పిడికిలంత ఎత్తులో. దాని ఎడమ పక్కన ఆల్ఫా సెంటారి. సూర్యుడు కాకుండా మనకి అన్నిటికన్నా దగ్గరి నక్షత్ర కుటుంబం, నాలుగు కాంతి సంవత్సరాల పైచిలుకు. హాన్లేలో రెండు మీటర్ల టెలిస్కోపు పెట్టుకున్నా ఈ పొరుగింటి వాడు కనపడడు. మా పెదనాన్న చేను గట్టు మీద నుంచి ఉత్త కంటికి కనపడతాడు. అమెరికాలో 2007లో ప్రపంచంలోకెల్లా మొదటి డార్క్ స్కై పార్కుగా గుర్తింపు పొందిన యూటా ఎడారిలోని నేచురల్ బ్రిడ్జెస్ అయితే ఇంకా ఉత్తరాన ఉంది, దాని సంగతి చెప్పనే అక్కర్లేదు. చిలీ ఎడారికి ఎత్తూ, పొడీ, దక్షిణాకాశమూ అన్నీ ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. కానీ కోడూరు నుంచి చిలీకి బస్సు లేదు.

పైగా మనకి దక్షిణాన ఏముంది? సముద్రం. కొండ లేదు, ఊరు లేదు, వీధిదీపం లేదు. విజయవాడ తొంభై కిలోమీటర్ల అవతల, వాయవ్యాన. బెంజి సర్కిల్ ఫ్లైఓవరూ, బ్యారేజీ మీది రంగుల లైట్లూ, ఘాట్ల ఫ్లడ్‌లైట్లూ అన్నీ కలిసి వేసే తెల్లటి గొడుగు మన వీపు వెనకాల ఉంటుంది. త్రిశంకుణ్ణి చూడాలంటే దానికి వీపు పెట్టే నిలబడాలి. ఇంతకంటే సదుపాయం ఏం కావాలి? దిగంతానికి దగ్గరగా ఉంది కాబట్టి వెలుతురు నడినెత్తి దారికి అయిదు రెట్లు గాలి దాటి రావాలి, అందుకని చుక్కలు కొంచెం మాసినట్టే ఉంటాయి. కానీ అవి ప్రకాశవంతమైన చుక్కలు, తట్టుకుంటాయి. అదే దక్షిణాన ఒక్క ఫ్లడ్‌లైటు పెట్టండి, ఖతం.

నా భయం అదే. తీరం వెంట టూరిజం అన్నప్పుడల్లా మన వాళ్ళకి మొదట గుర్తొచ్చేది హైమాస్టు. హంసలదీవి దగ్గర మడ అడవులు, కృష్ణా అభయారణ్యం, ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక తీరం ఉన్నాయి. గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్ల సముద్రం మీది మెరుపుని చూసే దారి పడుతుంది, వెనకాల లైటుంటే అటు పాకి చస్తుంది. అంటే చీకటి అక్కడ చుక్కల పిచ్చోళ్ళకే కాదు, అవసరమైన వాళ్ళు ఇంకా ఉన్నారు.

ఒకసారి పోయిన చీకటి తిరిగొచ్చిన దాఖలా మన దగ్గర నాకు తెలిసి లేదు. హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీ ఉండేది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టింది, తర్వాత బేగంపేటకి మారింది. ప్రపంచ దేశాలన్నీ ఆకాశాన్ని పంచుకుని పటం గీస్తున్నప్పుడు మన వంతు భాగంలో ఏడున్నర లక్షల పైచిలుకు నక్షత్రాల స్థానాలు కొలిచింది అక్కడే. బేగంపేటలో! ఇవాళ అక్కడ నిలబడి ఏడు చుక్కలు లెక్కపెట్టండి చూద్దాం. నగరం పెరుగుతోందని 1960లలో 48 అంగుళాల టెలిస్కోపుని దూరంగా జాపాల్-రంగాపూర్‌లో పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కణ్ణుంచి చూశారు. నగరం వెలుగు దాని వెనకాలే అక్కడికీ వచ్చింది. ఆ నిజామియాలో పనిచేసిన ఉద్యోగి కొడుకే వేణు బప్పు, హైదరాబాద్‌లో చదువుకున్నవాడే, తర్వాత తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు దాకా చీకటి వెతుక్కుంటూ పోయాడు. మనం చుక్కలకి దూరంగా జరుగుతున్నామా, చుక్కల్ని తరుముతున్నామా తెలియదు.

ఇదంతా ఉత్సాహంగా పెదనాన్నకి చెబితే ఆయన చివరిదాకా విని, "నువ్వు రెండ్రోజులుండి పోతావ్. నీకు చీకటంటే సరదా, మాకు చీకటంటే పాము" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఎంత ఎక్కువయ్యాయంటే మోపిదేవి గుళ్ళో సర్పశాంతి యాగం చేయించారు. మా వీధిలోనే ఒకాయన్ని తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి వెళ్తే కాటేసింది. ఇక నాయనమ్మ సంగతి. 1977 నవంబర్ 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ ఆ ఊళ్ళోనే ఉంది. పదివేల మందికి పైగా పోయిన రాత్రి. చుక్కలంటే అంత ఇష్టమున్న మనిషి, ఈ రోజుకీ పడుకునేటప్పుడు గదిలో చిన్న బల్బు ఉండాల్సిందే. చీకటి గొప్పదని ఇలాంటి వాళ్ళకి నేను పాఠం చెప్పడమేంటి?

అందుకని చీకటి గురించి మాట్లాడటం మానేసి లైటు గురించి మాట్లాడాను. పెదనాన్నని రాత్రి మా ఇంటి ముందు స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి, "మీకు పాము ఎక్కడ కనపడాలి? నేల మీదేగా?" అన్నాను. ఆ ఎల్‌ఈడీ బిగించింది వాలుగా, సగం వెలుతురు ఎదురింటి డాబా మీదకీ ఆకాశంలోకీ పోతోంది. దాన్ని చూసిన కంటికి పక్కన మురుక్కాలవ నీడలో ఏముందో తెలియట్లేదు, నల్లటి మసి. లైటు ఎక్కువైతే నీడ కూడా ఎక్కువే. మీదుమిక్కిలి తెల్లటి లైటుకి పురుగులు, పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం ఏమొస్తాయో దివిసీమ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఆ తెలుపు గొడవ కూడా ఒకటుంది. పాత పసుపు సోడియం దీపాలు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టడం మంచి పనే. హుద్‌హుద్ తర్వాత 2015లో విశాఖ అంతా మార్చారు, కరెంటు బాగా ఆదా అయింది, తర్వాత పల్లెలకీ వచ్చాయి. కాకపోతే చల్లటి తెలుపులో నీలం పాలు ఎక్కువ. గాలి అణువులు నీలాన్ని, సోడియం పసుపుతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. పగలు ఆకాశం నీలంగా ఉండేదీ అందుకే. అదే ఎల్‌ఈడీ కాస్త పసుప్పచ్చటిది పెడితే సరిపోతుంది, కరెంటు ఖర్చులో పెద్ద తేడా ఉండదు. కొనేటప్పుడు ఎవరూ అడగరు, అంతే.

సర్పంచ్ గారిని అడిగి, లైన్‌మ్యాన్ని బతిమాలి, వెల్డింగ్ షాపులో పాత రేకు కత్తిరించి, ఆ ఒక్క దీపానికి టోపీ చేయించాను. వాలు సరిచేసి బిగించారు. మర్నాటి రాత్రి చూస్తే మురుక్కాలవ అడుగు కనిపిస్తోంది. ఎదురింటి వాళ్ళు డాబా మీద ఇప్పుడు నిద్ర పడుతోందన్నారు. హైమాస్టు మాత్రం అలాగే ఉంది. రాత్రి పదకొండు దాటాక ఆరు లైట్లలో నాలుగు ఆపమని అడిగాను, "చూద్దాం బాబూ" అన్నారు. "చూద్దాం" అంటే ఏంటో మీకు తెలుసు.

ఇక శివరాత్రి. చుక్కలు చూడ్డానికి మన పంచాంగం ఇంతకంటే మంచి రాత్రి ఇవ్వదు, ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు. అమావాస్య ముందు రాత్రి, చంద్రుడు తెల్లారగట్ల దాకా రాడు. వానల్లేవు, సంక్రాంతి నాటి పొగమంచు తగ్గుముఖం పట్టి ఉంటుంది, ఎండాకాలపు ధూళి ఇంకా లేవలేదు. పైగా ఊరంతా జాగారం! (హంసలదీవి సాగర సంగమానికి అందరూ వెళ్ళే మాఘ పౌర్ణమి నాడు చూస్తే చంద్రుడు తప్ప ఇంకేం కనపడదు, అది గుర్తుపెట్టుకోండి.) 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. సాయంత్రం పడమట శుక్రుడు, నడినెత్తి దగ్గర గురుడు, తూర్పు వైపు కుజుడు. గుడి దగ్గర మైకులూ సెట్టింగు లైట్లూ ఎలాగూ ఉంటాయి కాబట్టి అర్ధరాత్రి దాటాక నాయనమ్మని ట్రాక్టర్ ట్రక్కులో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, చేలోకి తీసుకెళ్ళాం. పెదనాన్న గొణుక్కుంటూనే పెద్ద టార్చి పట్టుకుని వచ్చాడు. మా పిన్ని కొడుకు ఫ్లాస్కులో టీ తెచ్చాడు. ఉపవాసం ఉన్నది నాయనమ్మ ఒక్కతే అనుకోండి.

రెండు దాటింది. ఉత్తరాన ముసలమ్మ మంచం బాగా పైకి వచ్చేసింది, ముగ్గురు దొంగలూ వెనకాలే. దక్షిణాన మినప చేను అంచు మీద, సముద్రం వైపు, త్రిశంకుడు నిటారుగా నిలబడ్డాడు. కొంచెం మసగ్గా, కానీ నాలుగు చుక్కలూ. కథ ఆవిడకి తెలుసు, చుక్కే తెలియదు. ఇన్నేళ్ళూ ఎవరూ ఇటు చూపించలేదట. "వీడేనా? తలకిందులుగా వేళ్ళాడుతున్నాడన్నారు, నిలబడే ఉన్నాడే" అంది. హాన్లేలో ఇతను కనపడడని చెబితే, "అక్కడిదాకా పోయి ఏం చూశావురా మరి" అని నవ్వింది.

పెదనాన్న టార్చి ఆపేసి చాలాసేపు అటే చూస్తున్నాడు. ఏమైనా అంటాడేమోనని నేనూ పలకలేదు.

"ఆ రేకు టోపీ ఒక్కోటి ఎంతయింది?" అన్నాడు చివరికి.

"రెండొందల యాభై."

"మన వీధిలో ఎన్ని స్తంభాలు?"

"తొమ్మిది."

"లైన్‌మ్యాన్‌కి ఓ వంద వేసుకో" అని టార్చి మళ్ళీ వేసి, నేల మీదకి కొట్టుకుంటూ ట్రాక్టర్ వైపు నడిచాడు.